చూసి వెళ్లినవాళ్లు మళ్లీ రాకపోతే..?

విదేశీ దత్తత గురించి మన పత్రికల్లో వచ్చే వార్తలు సాధారణంగా రెండు రకాలు. ఎయిర్‌పోర్టులో కొత్త అమ్మానాన్నల చేయి పట్టుకుని నవ్వుతున్న పాప ఫోటో ఒకటి. పిల్లల్ని అమ్ముతున్న ముఠా పట్టివేత రెండోది. ఈ రెంటికీ మధ్య ఇంకో దశ ఉంది. దాని గురించి రాసేవాళ్లు తక్కువ.

దూరదేశం నుంచి దంపతులు వస్తారు. ఆశ్రమంలో ఓ గదిలో కూర్చోబెడతారు. ఆయా ఓ బిడ్డను తీసుకొచ్చి వాళ్ల ముందు నిలబెడుతుంది. బొమ్మ ఇస్తారు, బిస్కెట్ ఇస్తారు, నాలుగైదు రోజులు వచ్చి ఆడిస్తారు. 'కాగితాలు పూర్తవగానే వచ్చి తీసుకెళ్తాం' అని చెప్పి విమానం ఎక్కేస్తారు. ఆ తర్వాత నెలల తరబడి ఎదురుచూపు. సరిగ్గా ఆ నెలల్లోనే ప్రభుత్వం తలుపు మూసేస్తే ఆ బిడ్డ సంగతి ఏమిటి?

ఇది ఊహించి అడుగుతున్న ప్రశ్న కాదు. 2001లో రొమేనియా, 2012లో మొరాకో, 2013లో రష్యా, 2024లో చైనా తలుపులు మూశాయి, లేదా బాగా ఇరుకు చేశాయి. 2001లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ అలాంటి పరిస్థితే వచ్చింది. ఒక్కో చోట ఒక్కో కారణం. కొన్ని కారణాలు న్యాయమైనవే. కానీ అన్ని చోట్లా అప్పటికే ఒక కుటుంబానికి కుదిరిన పిల్లలు మధ్యలో ఇరుక్కుపోయారు. మోసాన్ని ఆపాలా వద్దా అన్నది ఇక్కడ చర్చ కాదు, ఆపాల్సిందే. ఆపేటప్పుడు ఆ బిడ్డను ఏం చేయాలన్నదే చర్చ.

రష్యా: రాజకీయానికి పిల్లలు బలి

సోవియట్ యూనియన్ కూలిన తర్వాత, 1990ల మొదటి నుంచి 2012 దాకా దాదాపు 60 వేల మంది రష్యన్ పిల్లల్ని అమెరికా కుటుంబాలు దత్తత తీసుకున్నాయి. రష్యా పద్ధతిలో వచ్చి చూడటం తప్పనిసరి. ఫైలు చూసి సరే అంటే సరిపోదు. ప్రాంతీయ అధికారులు ఇచ్చిన అనుమతి పత్రంతో దంపతులు స్వయంగా ఆశ్రమానికి వెళ్లాలి, బిడ్డను కలవాలి, ఆ తర్వాతే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అప్పుడు తిరిగి వెళ్లిపోయి, కోర్టు తేదీ వచ్చాక మళ్లీ రావాలి. అంటే కనీసం రెండు ప్రయాణాలు. వాటి మధ్య కాలం ఎంతో ముందుగా ఎవరూ చెప్పలేరు.

2009 నవంబరులో సెర్గెయ్ మాగ్నిట్‌స్కీ అనే రష్యన్ ఆడిటర్ మాస్కో జైల్లో చనిపోయాడు. అధికారుల అవినీతిని బయటపెట్టినందుకే అతణ్ని జైల్లో పెట్టారని ఆరోపణ. దానికి బాధ్యులనుకున్న అధికారులపై ఆంక్షలు విధిస్తూ 2012 డిసెంబరులో అమెరికా ఒక చట్టం చేసింది. రెండు వారాలకే, డిసెంబరు 28న రష్యా ఎదురు చట్టం చేసింది. అందులో ఒక అంశం, అమెరికన్లు రష్యన్ పిల్లల్ని దత్తత తీసుకోవడంపై నిషేధం. 2013 జనవరి 1 నుంచే అమలు. దీనికి డీమా యాకొవ్లెవ్ చట్టమని పేరు. 2008లో వర్జీనియాలో పెంపుడు తండ్రి కారులో మర్చిపోవడంతో, ఎండకు చనిపోయిన 21 నెలల పిల్లాడి పేరు అది. ఆ మరణం మీద, ఆ తండ్రిని కోర్టు నిర్దోషిగా వదిలేయడం మీద రష్యన్లలో కోపం నిజమే. 2010లో ఏడేళ్ల పిల్లాణ్ని ఒంటరిగా విమానం ఎక్కించి, ఓ ఉత్తరం చేతికిచ్చి మాస్కోకు తిప్పి పంపేసిన సంగతి కూడా వాళ్లు మర్చిపోలేదు. కాబట్టి రష్యా చెప్పిన బాధ మొత్తం అబద్ధం అనలేం.

కానీ ఇలాంటివి జరగకుండా చూడటానికే రెండు దేశాలూ కలిసి ఒక ఒప్పందం రాసుకున్నాయి. అది 2012 నవంబరు 1న అమల్లోకి వచ్చింది. రెండు నెలలకే దాన్ని పక్కన పడేశారు. ఒప్పందం కుదుర్చుకున్న విదేశాంగ మంత్రి లావ్రోవే నిషేధం సరికాదని ముందు అన్నారు. జనవరిలో మాస్కో వీధుల్లో వేలమంది ఊరేగింపు తీశారు. ఫలితం లేకపోయింది. కోర్టు తీర్పు అప్పటికే వచ్చిన కొద్దిమంది పిల్లలు బయటపడ్డారు. తీర్పు రానివాళ్లు ఉండిపోయారు. అప్పటికే అమెరికా కుటుంబాలతో ప్రక్రియలో ఉన్న పిల్లలు 259 మంది అని అప్పటి వార్తలు రాశాయి. వాళ్లలో చాలామందికి ఆ దంపతులు ముఖాముఖి తెలుసు.

కోర్టు ఏం చెప్పింది

అలా ఆగిపోయిన అమెరికన్ దంపతుల్లో కొందరు స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లారు. తమ తరఫున, పిల్లల తరఫున కూడా కేసు వేశారు. 45 మంది పెద్దలు, 27 మంది పిల్లలు. ఆ పిల్లల్లో చాలామంది ప్రత్యేక వైద్యం అవసరమైనవాళ్లు. స్వదేశంలో ఎవరూ ముందుకు రాకపోవడం వల్లే విదేశీయులకు చూపించినవాళ్లు. 2017 జనవరి 17న తీర్పు వచ్చింది. రష్యా వివక్ష చూపిందని కోర్టు తేల్చింది. ప్రక్రియ చివరి మెట్టు మీద ఉన్నవాళ్లను కూడా కేవలం వాళ్ల జాతీయత చూసి ఆపేయడం అన్యాయమని చెప్పింది. ఒక్కో కేసుకు 3,000 యూరోల పరిహారం ఇమ్మంది.

ఈ తీర్పులో మనం ఆగి చదవాల్సిన విషయాలు రెండున్నాయి. మొదటిది: ఆ దంపతులకూ ఆ పిల్లలకూ మధ్య ఉన్నది 'కుటుంబ జీవితం' అని కోర్టు ఒప్పుకోలేదు. కలిసి గడిపిన రోజులు తక్కువ, బంధం ఇంకా అంత గట్టిపడలేదు అంది. అయితే అది వాళ్ల 'వ్యక్తిగత జీవితం' కిందకు వస్తుందని, ఆ మేరకు రక్షణ ఉందని చెప్పింది. అంటే ఆ నాలుగైదు రోజుల కలయికకు చట్టం కళ్లలో కొంత బరువు ఉంది. తక్కువే, కానీ సున్నా కాదు.

రెండోది ఇంకా కష్టంగా ఉంటుంది. పిల్లల తరఫున వేసిన కేసును కోర్టు తీసుకోలేదు. చట్టపరంగా ఆ దంపతులు వాళ్ల తల్లిదండ్రులు కారు, సంరక్షకులూ కారు. కాబట్టి పిల్లల కోసం మాట్లాడే హక్కు వాళ్లకు లేదు. న్యాయపరంగా చూస్తే వాదన సరైనదే. కానీ పర్యవసానం చూడండి. ఎదురుచూసిన పెద్దవాళ్లకు నాలుగేళ్లకైనా ఒక తీర్పు, ఎంతో కొంత పరిహారం దక్కాయి. ఎదురుచూసిన పిల్లల మాట ఆ తీర్పులో ఎక్కడా నమోదు కాలేదు. వాళ్ల సంరక్షకుడు ఎవరు? తలుపు మూసిన ప్రభుత్వమే.

అదే కోర్టు 2004లో ఇచ్చిన ఇంకో తీర్పును పక్కన పెట్టి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. ఇద్దరు రొమేనియా ఆడపిల్లల్ని రెండు ఇటలీ జంటలు దత్తత తీసుకున్నాయి. రొమేనియా కోర్టు ఉత్తర్వులూ వచ్చాయి. కానీ పిల్లలు పెరుగుతున్న కేంద్రం వాళ్లను పంపలేదు. పదేళ్లు దాటిన ఆ పిల్లలు కూడా 'మేం వెళ్లం, ఇదే మా ఇల్లు' అన్నారు. కోర్టు ఉత్తర్వును అమలు చేయనందుకు రొమేనియాను తప్పుపట్టిన న్యాయస్థానం, కుటుంబ జీవిత హక్కు విషయంలో మాత్రం పిల్లల ఇష్టానికే పెద్దపీట వేసింది. కాగితం చేతిలో ఉన్నా, పిల్లలు వద్దన్నాక పెద్దల కోరిక చెల్లదు అంది.

రెండు కేసులూ కలిపి చదివితే ఒక మాట అర్థమవుతుంది. విదేశీ దంపతులకు బిడ్డ మీద హక్కు ఉందా లేదా అని కొలవడం మొదలుపెడితే లెక్క తేలదు. బిడ్డకు ఆ దంపతులతో ఏర్పడింది ఏమిటి, ఆ బిడ్డ దాన్ని ఎలా చూస్తోంది అని అడగాలి. ఒక బిడ్డ వాళ్లు రావాలని తలుపు దగ్గర కూర్చుంటుంది. ఇంకో బిడ్డ వాళ్లొస్తే మంచం కింద దాక్కుంటుంది. ఇద్దరికీ ఒకే ఉత్తర్వు ఎలా సరిపోతుంది?

ఒళ్లో వచ్చి కూర్చుంటే ప్రేమేనా?

ఆశ్రమాలకు వెళ్లొచ్చినవాళ్లు తరచూ ఒక మాట చెబుతుంటారు. 'చూడగానే పరిగెత్తుకొచ్చి మెడ చుట్టూ చేతులు వేసింది, ఎప్పటినుంచో తెలిసినదానిలా!' అని. విదేశీ దంపతులకు ఆ క్షణమే నిర్ణయ క్షణం అవుతుంది. కానీ పిల్లల మానసిక వైద్యులు దీన్ని వేరేగా చదువుతారు. సొంత మనిషంటూ ఒకరు స్థిరంగా లేని పిల్లలు కొత్తవాళ్ల దగ్గరికి బెరుకు లేకుండా వెళ్తారు. ఎవరొచ్చినా అంతే. ఇంట్లో పెరిగిన రెండేళ్ల పిల్ల కొత్త ముఖం చూస్తే అమ్మ కొంగు వెనక్కి పోతుంది. వెనక్కి పోవడానికి కొంగు లేని పిల్ల ముందుకొస్తుంది.

రొమేనియాలోనే 2000 తర్వాత జరిగిన బుకారెస్ట్ పరిశోధన ఈ రంగంలో చాలా పేరున్నది. ఆశ్రమాల్లో ఉన్న 136 మంది చిన్నపిల్లల్ని తీసుకుని, సగం మందిని పెంపుడు కుటుంబాలకు ఇచ్చారు. మిగతావాళ్లకు అప్పటి ఏర్పాటే కొనసాగింది. కుటుంబాల్లోకి వెళ్లిన పిల్లల తెలివితేటలు, అనుబంధం పెంచుకునే శక్తి మెరుగయ్యాయి. ఎంత చిన్న వయసులో వెళ్తే అంత మేలు, ముఖ్యంగా రెండేళ్లు నిండక ముందు. దీన్నుంచి మన చర్చకు పనికొచ్చేది ఒకటే: పెద్దవాళ్లకు 'ఇంకో ఆరు నెలలు' అంటే ఒక ఫైలు ఆలస్యం. ఏడాదిన్నర బిడ్డకు ఆరు నెలలంటే జీవితంలో మూడోవంతు. 'నిదానంగా విచారిద్దాం' అనే మాట ఖర్చు లేనిది కాదు.

మొరాకో చూపిన ఇంకో దారి

మొరాకోలో దత్తత లేదు, కఫాలా ఉంది. అంటే బిడ్డను పెంచే బాధ్యత తీసుకుంటారు గానీ వంశాన్ని, ఇంటిపేరును మార్చరు. 2002 నాటి 15-01 నంబరు చట్టం దీనికి ఆధారం. స్పెయిన్‌తో సహా విదేశాల దంపతులు కూడా ఆ చట్టం కిందే పిల్లల్ని తీసుకెళ్లేవారు. 2012 సెప్టెంబరులో న్యాయ శాఖ మంత్రి ముస్తఫా రమీద్ ఒక సర్క్యులర్ జారీ చేశారు. మొరాకోలో స్థిరంగా నివసించని విదేశీయులకు కఫాలా ఇవ్వొద్దని. బిడ్డ దేశం దాటాక కఫాలా షరతులు పాటిస్తున్నారో లేదో చూసేదెవరు అన్నది ప్రభుత్వ ప్రశ్న. అడగదగ్గ ప్రశ్నే.

కానీ అప్పటికే పదుల సంఖ్యలో స్పెయిన్ కుటుంబాలకు పిల్లలు కుదిరారు. కొందరు ఉద్యోగాలు వదిలి మొరాకోలోనే ఇల్లు అద్దెకు తీసుకుని, ఆశ్రమానికి వెళ్లి బిడ్డను చూసి వస్తుండేవారు. రోజూ వెళ్లడం, సాయంత్రం వదిలి రావడం. నెలలు ఇలాగే గడిచాయి. 2013 జులైలో స్పెయిన్ రాజు హువాన్ కార్లోస్ మొరాకో వెళ్లినప్పుడు ఈ విషయం చర్చకు వచ్చింది. ఆ తర్వాత అప్పటికే మొదలైన కేసులకు దారి దొరికింది. కొత్తవాళ్లకు నియమం, పాతవాళ్లకు మినహాయింపు. రష్యా కూడా చేయగలిగిన పనే ఇది. చేయలేదు. అయితే మొరాకోలోనూ ఇది నియమంగా జరగలేదు, రాజుల మాట మీద జరిగింది. ఒక బిడ్డ భవిష్యత్తు ఇద్దరు రాజుల భేటీ దాకా ఆగాల్సి రావడం కూడా మంచి వ్యవస్థ లక్షణం కాదు.

చైనాలో ముందుగా వచ్చి చూసే పద్ధతి లేదు. ఫైలు, ఫోటో చూసి ఒప్పుకుని, చివర్లో ఒక్కసారి వెళ్లి తెచ్చుకోవడమే. 2020లో కరోనాతో అది ఆగింది. 2024 సెప్టెంబరులో దగ్గరి రక్తసంబంధీకులకు, సవతి పిల్లలకు తప్ప విదేశీ దత్తత ఇక లేదని ప్రకటించారు. అప్పటికి వందల కుటుంబాలు నాలుగేళ్లుగా ఎదురుచూస్తున్నాయి. ముఖాముఖి చూడకపోతే సమస్య ఉండదనుకునేవాళ్లకు ఇది జవాబు. ఎదురుచూపు ఒక ఫోటోతో కూడా మొదలవుతుంది.

మన తండాల పాఠం

ఇక మన దగ్గరికి వద్దాం. తలుపు ఎందుకు మూయాల్సి వస్తుందో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1999లో, మళ్లీ 2001లో హైదరాబాద్ కేంద్రంగా దత్తత కుంభకోణాలు బయటపడ్డాయి. నల్గొండ, మహబూబ్‌నగర్, రంగారెడ్డి జిల్లాల లంబాడా తండాల నుంచి ఆడశిశువుల్ని దళారులు కొద్దిపాటి డబ్బుకు కొని ఆశ్రమాలకు చేర్చేవారని తేలింది. అక్కడి నుంచి విదేశీ దంపతులు కట్టే ఫీజు డాలర్లలో. వచ్చి చూసినవాళ్లకు 'అనాథ' అని చూపించిన బిడ్డకు తండాలో తల్లి బతికే ఉంది. పేదరికం కారణంగా బిడ్డను వదులుకునే పద్ధతిని 2001లో రాష్ట్ర ప్రభుత్వం ఆపేసింది. సోదాల్లో దొరికిన పిల్లల్ని ప్రభుత్వ శిశు విహార్‌కు తరలించారు. విదేశాల్లో కుదిరిన కుటుంబాలు ఉన్న పిల్లలు కూడా కొందరు కేసులు తేలేదాకా అక్కడే ఉండిపోయారు.

ఇక్కడ రెండు అన్యాయాలు ఒకే బిడ్డ మీద పడ్డాయి. మొదటిది తల్లి నుంచి కొనడం. రెండోది, తల్లి దగ్గరికీ చేర్చకుండా, కొత్త ఇంటికీ పంపకుండా ఏళ్లు గడపడం. మొదటి దాని మీద కేసులు పడ్డాయి. రెండో దానికి బాధ్యుడెవరని అడిగినవాళ్లు లేరు.

తర్వాత చట్టం మెరుగుపడింది. 2003లో భారత్ హేగ్ ఒప్పందాన్ని ఆమోదించింది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం బాలల సంక్షేమ కమిటీ విచారణ చేసి, ఈ బిడ్డ దత్తతకు అర్హురాలని ప్రకటించాకే ఎవరికైనా చూపించాలి. స్వయంగా వదులుకున్న తల్లిదండ్రులకు మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువుంది. దేశంలోనివాళ్లకు, ఎన్ఆర్ఐలకు 60 రోజుల్లో కుదరకపోతేనే విదేశీయుల వంతు. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వులు కోర్టు బదులు జిల్లా మేజిస్ట్రేట్ ఇస్తున్నారు. 2024-25లో దేశంలో 4,515 దత్తతలు జరిగితే 4,155 దేశంలోపలే జరిగాయి. బయటికి వెళ్లేవాళ్లు వందల్లోనే. వాళ్లలో ఎక్కువమంది ఆరోగ్య సమస్యలున్నవాళ్లు, వయసు పెరిగినవాళ్లు, అంటే మనం వద్దన్న పిల్లలు. ఈ మాట చేదుగా ఉన్నా నిజం.

'ముందు చట్టపరంగా స్పష్టత, ఆ తర్వాతే ముఖాముఖి' అనే ఈ వరుస సరైనది. కానీ మధ్యలో నియమాలు మారితే అప్పటికే కుదిరిన బిడ్డ సంగతేంటి అన్నదానికి స్పష్టమైన హామీ ఉండాలి. మూడు పనులు చేయొచ్చు. తలుపు మూసే రోజుకు ఒక కుటుంబానికి కుదిరిన ప్రతి బిడ్డ ఫైలునూ విడివిడిగా, గడువు పెట్టుకుని చూడాలి. మోసం దొరికితే తల్లిని వెతకాలి, దొరక్కపోతే పంపాలి. కొంచెం ఊహ తెలిసిన బిడ్డను అడగాలి. ఆ బిడ్డ తరఫున మాట్లాడటానికి ప్రభుత్వానికీ దంపతులకూ సంబంధం లేని ఒక వ్యక్తిని పెట్టాలి. ఏది తేలినా సరే, ఆ బిడ్డకు చెప్పాలి. 'వాళ్లు ఎందుకు రాలేదు' అనే ప్రశ్నకు జవాబు లేకపోతే పిల్లలు తామే ఏదో తప్పు చేశామనుకుంటారు.

చూసేందుకు వెళ్లే మనకు కొన్ని మాటలు

ఇదంతా విదేశీయుల గొడవ అనుకోకండి. రమజాన్‌లోనో, పిల్లల పుట్టినరోజుకో యతీంఖానాకూ, అనాథాశ్రమానికీ వెళ్లే అలవాటు మనకుంది. యతీం తల నిమరడం పుణ్యమని చిన్నప్పటి నుంచీ విన్నవాళ్లం. మంచి అలవాటే. కానీ బిర్యానీ పెట్టి, పిల్లల్ని వరుసగా నిలబెట్టి సెల్ఫీ తీసి వాట్సాప్‌లో పెట్టేముందు ఒక్క క్షణం ఆగండి. సంరక్షణలో ఉన్న పిల్లల ఫోటో, పేరు, వివరాలు బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా పడొచ్చు.

సెలవుల్లో ఊరొచ్చిన అమెరికా, గల్ఫ్ బంధువులు ఆశ్రమంలో ఓ పాపను చూసి 'ఈ పిల్లనే పెంచుకుంటాం' అని అడుగుతుంటారు. సంస్థలో ఉన్న బిడ్డను అలా ఎంచుకునే వీల్లేదు. కారా పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి, హోమ్ స్టడీ పూర్తవ్వాలి, వరుసలో తమ వంతు రావాలి. ఎన్ఆర్ఐలకు దేశంలోనివాళ్లతో సమానంగా ప్రాధాన్యం ఉంది. ముస్లింలు కూడా ఇష్టమైతే ఈ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని 2014లో షబ్నం హష్మీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కఫాలా పద్ధతే మేలనుకునేవాళ్లకు ఆ స్వేచ్ఛా ఉంది. 'నేరుగా ఇప్పిస్తా, ఇంత ఖర్చవుతుంది' అని ఎవరైనా అంటే మాత్రం తండాల కథ గుర్తుచేసుకుని లేచి వచ్చేయండి. పిల్లల్ని అమ్మినా కొన్నా ఐదేళ్ల దాకా కఠిన జైలు శిక్ష ఉంది.

అన్నిటికంటే ముఖ్యం, మాట. 'మళ్లీ వస్తా', 'నిన్ను తీసుకెళ్తా' అనే మాటలు మన నోట్లో చాలా తేలిగ్గా వస్తాయి. వినే బిడ్డ దగ్గర అవి అమానత్‌గా ఉండిపోతాయి. రాగలిగితేనే వస్తానని చెప్పండి. చెప్పిన రోజు వెళ్లండి. రాలేమని తెలిస్తే వార్డెన్‌కు ఫోన్ చేసి, ఆ బిడ్డతోనే ఆ మాట చెప్పండి. ప్రభుత్వాల దగ్గర మనం అడిగేదీ ఇంతే కదా!